పాత కాంట్రాను మళ్లీ చేసి ఉచితంగా పెడితే కాపీరైట్ తగులుతుందా?

గుత్తికోట_8బిట్, అనంతపురం

అన్నలకు, అక్కలకు నమస్తే. మేము ముగ్గురం కొనామీ కంపెనీ 1987లో తెచ్చిన కాంట్రా గేమ్‌ను గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో మళ్లీ కడుతున్నాం. టీవీకి తగిలించే క్యాసెట్ గేముల్లో అందరం ఆడిందే. ఇంకా యాడా అప్‌లోడ్ చేయలేదు, చేసే ముందే అడుగుదామని రాస్తున్నాం.

కోడ్ మొత్తం మాదే, పాత రోమ్ (క్యాసెట్‌లోని గేమ్ ఫైలు) నుంచి ఒక్క వరుస తీయలేదు. బొమ్మలు మాత్రం ఎమ్యులేటర్‌లో (పాత గేములను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాం) గేమ్ బొమ్మలు చూపించే పీపీయూ వ్యూయర్ తెరిచి తీసినవి. వాటిని ఏఐ అప్‌స్కేలర్‌తో నాలుగింతలు పెంచి, పైన చేత్తో దిద్దినాం. మొదటి స్టేజీ అడవి, మూడో స్టేజీ జలపాతం అయిపోయినాయి, మ్యాపులు టైల్‌కు టైల్ (మ్యాపు కట్టే చిన్న చదరం) చూసి దించినవే. సంగీతం పాత ట్యూనే, గిటార్‌మీద మేమే వాయించి రికార్డు చేసినాం. పేరు ‘కాంట్రా: గండికోట’.

కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో కోడ్, గేములు పెట్టే ఇచ్ సైట్‌లో గేమ్ పెట్టాలని అనుకుంటున్నాం. అమ్మేది లేదు. ఇష్టమున్నవాళ్లు ఖర్చులకు ఏదైనా వేస్తారని యూపీఐ క్యూఆర్ ఒకటి పెడతాం. ‘హక్కులన్నీ కొనామీవే, ఇది అభిమానులు చేసింది’ అని మొదటి తెరమీదే రాస్తాం. ఇంతమాత్రం చాలునా? చాలకపోతే ఏవి తీసేయాల, ఏవి ఉంచుకోవచ్చు? నోటీసు వస్తే ఏం చేయాల?

---

కొండారెడ్డి_బురుజు, కర్నూలు

చాలదు తమ్ముడూ. ‘హక్కులన్నీ కొనామీవే’ అని రాయడం మీకు రక్షణ ఇవ్వకపోగా, అది ఎవరి సొత్తో తెలిసే తీసుకున్నామని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో కీలకమైన మాటే ‘తెలిసి’ అనేది. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా, జరిమానా 50,000 నుంచి 2 లక్షల దాకా. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించొచ్చు. మీకున్న ఆ ఒక్క వెసులుబాటును ఆ క్యూఆర్ చెడగొడుతుంది, దాన్ని ముందు తీసేయండి. ఈ నేరం కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగలిగేది), నాన్‌బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది కూడా. అభిమానులు చేసిన గేముల విషయంలో మామూలుగా జరిగేది అరెస్టు కాదు. హోస్టుకు (ఫైలు పెట్టిన సైటుకు) నోటీసు పోతుంది, రాత్రికి రాత్రి ఫైలు కనపడకుండా పోతుంది. అయినా చట్టంలో ఏముందో తెలిసే దిగాలి.

‘ఫెయిర్ యూజ్ కదా’ అని కొందరు చెప్తారు. అది అమెరికా మాట. మన 52వ సెక్షన్‌లో ఫలానా ఫలానా పనులకే మినహాయింపు అని లెక్కకట్టి రాసినారు. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, ఇట్లా. మీ ఇంట్లో మీరు కట్టుకుని ఆడుకోవడం సొంత వాడకం కిందికి రావచ్చు. లోకమంతా డౌన్‌లోడ్ చేసుకునేట్టు పెడితే ఆ గొడుగు కిందికి రాదు. ఉచితమా, డబ్బులకా అన్న ప్రశ్న ఉల్లంఘన ఉందా లేదా అని తేల్చేటప్పుడు రాదు. శిక్ష, పరిహారం లెక్క దగ్గరే వస్తుంది.

‘పాత గేమ్, ఇప్పుడెవరు అమ్ముతున్నారు’ అనే వాదన కూడా ఇక్కడ పనికిరాదు. 2019లో పాత కాంట్రాలు చాలా కలిపి ఆనివర్సరీ కలెక్షన్‌గా వచ్చినాయి. 2024లో ఆపరేషన్ గలూగా వచ్చింది, అది ఈ మొదటి కాంట్రానే కొత్తగా మళ్లీ చెప్పిన గేమ్. అంటే మీరు చేస్తున్న పనినే యజమాని చేసి అంగట్లో పెట్టినాడు. ఇక గడువంటారా, విడుదలైన ఏడు నుంచి 60 ఏళ్లు అని అన్నిటికంటే తక్కువ లెక్క వేసినా 2047 చివరిదాకా ఉంటుంది.

అసలు విషయానికొస్తాను. కాపీరైట్ ఆలోచనకు ఉండదు, ఆ ఆలోచన దిద్దుకున్న రూపానికి ఉంటుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇప్పటికీ అదే. రెండూ చూసినవాడికి ఇది దాని కాపీయేనని తిరుగులేకుండా అనిపిస్తే ఉల్లంఘన. గేముల్లో దీన్ని ఎంత లోతుకు తీసుకుపోవచ్చో 2012లో న్యూజెర్సీ కోర్టు టెట్రిస్, క్సియో కేసులో చూపించింది. క్సియో వాళ్లు మీలాగే కోడ్ సొంతంగా రాసుకున్నారు, బొమ్మలు కూడా తామే గీసుకున్నారు. నియమాలకు కాపీరైట్ లేదు కాబట్టి మాకేం కాదనుకున్నారు. ముక్కలు పడటం, వరుస నిండితే చెరగడం నియమమే, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ముక్కల ఆకారం, రంగుల తీరు, 10 గడుల వెడల్పు 20 గడుల ఎత్తు పలక, కింద పడబోయే చోట నీడ చూపించే పద్ధతి, ఇవన్నీ కలిపి అచ్చం దించడం తప్పని కోర్టు అన్నది. అది అమెరికా తీర్పు, మన కోర్టులను కట్టేయదు. అయినా మీకు నోటీసు వచ్చేది అమెరికా హోస్టు నుంచే కాబట్టి మీ గేమ్‌ను అదే కొలతతో చూసుకోండి.

మీ దాంట్లో పరుగు, దూకుడు, ఎనిమిది దిక్కులకు కాల్చడం, ఒక్క దెబ్బకే ప్రాణం పోవడం, ఇద్దరు కలిసి ఆడటం, విసనకర్రలా విచ్చుకునే తూటాలు, ఇవన్నీ పద్ధతులు. ఉంచుకోండి. రెక్కల గద్ద గుర్తులో ఇంగ్లీషు అక్షరం పెట్టి తుపాకీ మార్చే ఆ బొమ్మ రూపం కిందికొస్తుంది, తీసేయండి. అప్‌స్కేల్ చేసిన స్ప్రైట్లు (ఆటలోని బొమ్మలు) 14వ సెక్షన్‌లో చెప్పిన ‘అడాప్టేషన్’, అంటే మార్చి చేసిన రూపమే, పైన ఎంత దిద్దినా సరే. టైల్‌కు టైల్ దించిన మ్యాపుదీ అదే కథ. గిటార్‌మీద వాయించిన రికార్డింగు మీదే, ట్యూన్ మీది కాదు, సంగీత రచనకు వేరే హక్కు ఉంటుంది. 31సీ కింద కవర్ వెర్షన్ లైసెన్సు అని ఒకటుంది గానీ అది ఆడియో రికార్డింగులకు పెట్టింది, గేముకు అతకదు. పైగా ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాల. పేరు సంగతి ట్రేడ్‌మార్క్ చట్టం చూసుకుంటుంది. టైటిల్లో, లోగోలో, వెబ్ చిరునామాలో, ట్యాగుల్లో ‘కాంట్రా’ ఉండకూడదు.

---

పెన్నా_పిక్సెల్, కడప

అన్న చట్టం చెప్పినారు, నేను ఫైళ్ల సంగతి చెప్తాను. గోడోలో చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

స్ప్రైట్లు మార్చేసినాం అనుకుంటారు గానీ పాతవి గేములోనే పోతుంటాయి. ఎక్స్‌పోర్ట్ కిటికీలో రిసోర్సెస్ ట్యాబు తెరిచి చూడండి. ముందుగా ఉండే ఎంపిక ‘ప్రాజెక్టులోని అన్ని రిసోర్సులూ’ అనేది. ‘పాతవి’, ‘టెస్ట్’ అని మీరు పక్కన పడేసిన ఫోల్డర్లలోని బొమ్మలు, ఏ సీనులోనూ వాడకపోయినా, అన్నీ పీసీకే ఫైల్లోకి (గోడో గేమ్ డేటానంతా కట్టిపెట్టే మూట) ఎక్కుతాయి. పీసీకే విప్పే సాధనాలు ఊరికే దొరుకుతాయి, విప్పి చూసినవాడికి ఒరిజినల్ స్ప్రైట్లు చక్కగా కనపడతాయి. దాన్ని ‘ఎంచుకున్న సీన్లు, వాటికి అవసరమైనవి’ అనే ఎంపికకు మార్చండి. చూసి గీయడానికి పెట్టుకున్న బొమ్మలను ప్రాజెక్టు ఫోల్డరు బయట ఉంచండి. లోపలే కావాలంటే ఆ ఫోల్డర్లో డాట్ జీడీ ఇగ్నోర్ అనే ఖాళీ ఫైలు పెడితే గోడో దాన్ని ముట్టుకోదు. ఇంకొకటి, పీఎన్‌జీ చెరిపేసినా డాట్ గోడో ఫోల్డర్లోని ఇంపోర్టెడ్ కాపీ మిగిలిపోవచ్చు. ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఆ డాట్ గోడో ఫోల్డరు మొత్తం తీసేసి, ప్రాజెక్టు మళ్లీ తెరిస్తే కొత్తగా కట్టుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ అయినాక ఆ పీసీకేను మీరే ఒకసారి విప్పి లోపలేముందో చూడండి, అంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

గిట్ (ఫైళ్ల ప్రతి మార్పునూ దాచుకునే సాధనం) దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. ఈరోజు కమిట్‌లో (అట్లా దాచిన ఒక్కో మార్పు) బొమ్మలు చెరిపితే చరిత్రలో అవి అట్లనే ఉంటాయి. ఎవరైనా పాత కమిట్‌కు పోయి తీసుకోవచ్చు, నోటీసు రాసేవాళ్లూ చరిత్రను చూస్తారు. గిట్ ఫిల్టర్-రెపోతో ఆ దారులను మొదటి కమిట్ నుంచి కడిగేయొచ్చు. కానీ మీరింకా ఎక్కడా పెట్టలేదు కాబట్టి అంత తంటా వద్దు. శుభ్రమైన ఫైళ్లతో కొత్త రెపో (గిట్‌లో ప్రాజెక్టు ఉండే చోటు) మొదలుపెట్టండి, పాత చరిత్ర మీ దగ్గరే ఉండనీ. ఒకసారి బయటపెట్టి, ఎవరైనా ఫోర్క్ చేసుకున్నాక (తమ ఖాతాలోకి కాపీ తీసుకున్నాక) మీది కడుక్కున్నా వాళ్లది కడగలేరు.

బొమ్మల విషయంలో పాత స్ప్రైట్‌ను కింద పొరలో పెట్టి మీద గీసే పని మాత్రం చేయొద్దండి. ఎంత మార్చినా భంగిమ, కొలత, కదలికల లెక్క అదే వచ్చి చేరుతుంది. ఎనిమిది దిక్కుల కాల్పుకు ఏ భంగిమలు కావాలో కాగితంమీద రాసుకుని, పాతది మూసేసి, మీ దేహాన్నే ఫోటో తీసుకుని గీయండి. కొలత కూడా మార్చండి. పాతదాంట్లో తెర 256 చుక్కల వెడల్పు, 240 ఎత్తు, అన్నీ 8 గుణం 8 టైళ్లే. మీరు ఎటూ పెద్ద తెరకు చేస్తున్నారు కాబట్టి 48 చుక్కల ఎత్తు మనిషిని తీసుకుంటే దూకే ఎత్తు, మెట్ల దూరం, తూటా వేగం అన్నీ కొత్తగా లెక్కేయాల్సి వస్తుంది. మ్యాపు దించే దారే ఉండదు అప్పుడు.

పక్కన ఒక పట్టిక పెట్టుకోండి. ప్రతి బొమ్మకూ, ప్రతి శబ్దానికీ ఎవరు చేసినారు, ఏ తేదీ, పొరలతో ఉన్న అసలు ఫైలు యాడుంది, లైసెన్సు ఏంది. బయటినుంచి తెచ్చుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ0 (హక్కులన్నీ వదిలేసింది) అన్నిటికన్నా తేలిక. సీసీ బై అయితే పేరు వేయాలి. ‘ఎన్‌సీ’ (వ్యాపారానికి వాడొద్దు) ఉంటే రేపు పది రూపాయలకు అమ్మాలన్నా కుదరదు. ‘స్ప్రైట్ షీట్లు’ అని పాత గేముల నుంచి ఊడదీసి పెట్టే సైట్లు ఉండాయి చూడండి, వాటిమీద ‘ఉచితం’ అని ఉన్నా ఆ మాట చెప్పే హక్కు పెట్టినవాడికి లేదు.

---

తుంగభద్ర_అల, కర్నూలు

పై ఇద్దరితో నాకు పేచీ లేదు, ఒక్క మాట అదనం. అనుమతి అడిగే దారి ఎవరూ చెప్పలేదు. హాఫ్-లైఫ్ గేమ్‌ను మళ్లీ కట్టిన బ్లాక్ మెసా 2012లో మాడ్‌గా (అభిమానులు చేసిన మార్పు గేమ్) వచ్చి, ఆ గేమ్ కంపెనీ వాల్వ్ ఒప్పుకోవడంతో గేముల అంగడి స్టీమ్‌లో డబ్బులకు అమ్ముకుని 2020లో పూర్తి రూపం తెచ్చుకుంది. సోనిక్ గేమ్ అభిమానుల్లో కొందరిని ఆ గేమ్ కంపెనీ సెగానే పిలిచి 2017లో సోనిక్ మానియా చేయించింది. ఆ దారీ ఉంది.

---

కొండారెడ్డి_బురుజు, కర్నూలు

ఉంది అన్నా, కానీ ఆ రెండూ చూసి అందరికీ అదే జరుగుతుందని అనుకోకూడదు. అదే సెగా 2011లో ఎనిమిదేళ్ల పని తర్వాత విడుదలైన స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్‌ను కొన్ని రోజుల్లోనే తీసేయమన్నది. 2016 ఆగస్టులో రెండు పోయినాయి. ఒకటి ఏఎం2ఆర్, 1991 నాటి గేమ్‌బాయ్ మెట్రాయిడ్ 2కు అభిమాని చేసిన రీమేక్. రెండోది తొమ్మిదేళ్లు కట్టిన పోకెమాన్ యురేనియం. ఏఎం2ఆర్ ఎందుకు పోయిందో మరుసటి ఏడు అర్థమైంది. 2017 సెప్టెంబరులో నింటెండో అదే గేముకు సొంత రీమేక్ తెచ్చింది. లోపల ఏం తయారవుతోందో బయటివాళ్లకు తెలిసే వీలే లేదు, అదే ఈ పనిలో పెద్ద ప్రమాదం. అంత శ్రమ ఒక్క మెయిల్‌తో పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అడగాలనుకుంటే మొదటి వారంలోనే అడగాలి, సగం కట్టినాక కాదు. అడిగి ‘వద్దు’ అనిపించుకుని కట్టడం అన్నిటికంటే చెడ్డది, ‘తెలిసి’ అనడానికి ఇక వేరే రుజువు అక్కర్లేదు. జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు.

---

గుత్తికోట_8బిట్, అనంతపురం

క్యూఆర్ తీసేసినాం, పేరు మారుస్తాం. రెండు సందేహాలు. బొమ్మలు మేము ఇవ్వకుండా, ఆడేవాళ్లే తమ రోమ్ ఇస్తే దాంట్లోంచి మా గేమ్ తీసుకునేట్టు చేస్తే? లేకపోతే కొత్త గేమ్ మానేసి పాత రోమ్‌కే ప్యాచ్ (రోమ్‌లో ఏం మార్చాలో చెప్పే చిన్న ఫైలు) చేస్తే?

---

తుంగభద్ర_అల, కర్నూలు

రోమ్ అడిగే పద్ధతి చాలా ప్రాజెక్టులు వాడుతున్నాయి. జెల్డా ఒకారినా పీసీ పోర్టు అట్లాంటిదే, రోలర్‌కోస్టర్ టైకూన్ 2 కోసం ఉన్న ఓపెన్ఆర్‌సీటీ2 కూడా ఒరిజినల్ ఫైళ్లు లేకుండా నడవదు. మీ పంపిణీలో ఒరిజినల్ బొమ్మ ఒక్కటీ ఉండదు కాబట్టి అపాయం తగ్గుతుంది. ఫైలు తెరిచినప్పుడు షా-1 విలువ (ఫైలును గుర్తుపట్టే లెక్క) సరిచూసి, సరిపోకపోతే ఆపేయాల. రోమ్ యాడ దొరుకుతుందో లింకు ఇవ్వకూడదు, సహాయం అడిగే చోట ఎవరైనా పెట్టినా చెరిపేయాల. అయితే ఇది బొమ్మల చిక్కునే తీరుస్తుంది. టైల్‌కు టైల్ దించిన మ్యాపు మీ కోడ్‌లో ఉంటే అది మీరిచ్చినట్టే.

మన దగ్గర ఇంకో ముడి ఉంది. ప్రోగ్రాములను కాపీ చేసుకోవడానికి చట్టం ఇచ్చిన వెసులుబాట్లు ‘న్యాయంగా పొందిన కాపీ’ ఉన్నవాడికే. ఇక్కడ అందరి ఇళ్లలో ఉండింది ‘9999 ఇన్ 1’ క్యాసెట్లు. డబ్బులిచ్చి కొన్నా అవి దొంగ కాపీలే, ‘నా క్యాసెట్ నుంచి నేనే తీసుకున్నా’ అనే మాట వాటికి చెల్లదు.

ప్యాచ్ సంగతి: ప్యాచ్ ఫైళ్లలో ఐపీఎస్ అనే రకం ఏ స్థానంలో ఏ బైట్లు పెట్టాలో మాత్రమే రాసుకుంటుంది. మీరు రోమ్‌లో ఒక భాగాన్ని కొంచెం పక్కకు జరిపితే, జరిగిన పాత డేటా అంతా ‘మార్పు’ కింద ప్యాచ్‌లోకి వచ్చేస్తుంది. మారింది రెండొందల బైట్లయితే ప్యాచ్‌లో వేల బైట్ల ఒరిజినల్ ఉంటుంది, అంటే మీరు పంచుతున్నది కొనామీ కోడే. బీపీఎస్ రకం ‘ఆ భాగాన్ని అక్కడి నుంచి తీసుకో’ అని సూచన మాత్రం రాస్తుంది, ఒరిజినల్‌ను మోయదు. పైగా సీఆర్‌సీ32 అనే లెక్కతో సరైన ఫైలేనా అని సరిచూస్తుంది. నెస్ (నింటెండో పాత గేమ్ యంత్రం) రోమ్‌కు ముందు 16 బైట్ల హెడరు ఉంటుంది, అది లేని ఫైలుకు ఐపీఎస్ వేస్తే అన్నీ 16 బైట్లు తప్పి తెరమీద చెత్త వస్తుంది. బీపీఎస్ అయితే ముందే ‘ఇది వేరే ఫైలు’ అని ఆగుతుంది. ప్యాచ్ చేస్తే బీపీఎస్‌లోనే చేయండి, ప్యాచ్ వేసిన రోమ్‌ను మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

---

కొండారెడ్డి_బురుజు, కర్నూలు

నోటీసు సంగతి మిగిలింది. గిట్‌హబ్ లాంటి చోటికి డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) నోటీసు వస్తే, రెపో మొత్తం మీద కాకుండా కొన్ని ఫైళ్ల మీదే ఫిర్యాదైతే సరిదిద్దుకోవడానికి సుమారు ఒక పనిదినం ఇస్తారు. కాబట్టి ఖాతాకు రోజూ చూసే మెయిలే పెట్టండి. చూసేసరికి వారం దాటితే మొత్తం మూతబడి ఉంటుంది. మూలం నిజంగా మీదే అయితేనే కౌంటర్ నోటీసు (ఫిర్యాదుకు ఎదురు జవాబు) పంపాల. దాంట్లో అసలు పేరు, చిరునామా, ఫోను ఇవ్వాలి, పొరపాటున తీసేశారని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని రాయాలి. ఆ వివరాలు ఫిర్యాదుదారుకు పోతాయి. పది నుంచి పద్నాలుగు పనిదినాల్లో వాళ్లు దావా వేయకపోతే ఫైలు తిరిగి వస్తుంది. అక్కడ అబద్ధం రాస్తే అది వేరే నేరం. ఇప్పుడు మీ దగ్గరున్న స్ప్రైట్లతో మాత్రం పంపే మాటే లేదు.

మన దేశంలోని హోస్టు అయితే కాపీరైట్ చట్టం 52(1)(సీ), 2013 కాపీరైట్ నియమాల్లో 75వది వర్తిస్తాయి. రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు. లాయరు నోటీసే నేరుగా ఇంటికొస్తే జవాబు మీరే రాయకండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు.

---

పెన్నా_పిక్సెల్, కడప

రోమ్, ప్యాచ్ దారులు రెండూ మీకు వద్దనే అంటాను. కోడ్ మొత్తం మీదే అయినప్పుడు మీకు అడ్డం వస్తున్నది అరువు బట్టలే. పేరులో గండికోట పెట్టుకుని లోపల ఎవరిదో అడవి ఎందుకు? పెన్నా కోసిన ఆ లోయ నిటారుగా పైకి ఎక్కే స్టేజీకి పుట్టినట్టుంది. పైకి ఎక్కడం అనే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. చీకట్లో నడిచే స్టేజీకి బెలుం గుహలు ఉండాయి, మూడు కిలోమీటర్ల పైన పొడవు, అడుగున పాతాళగంగ. కోట స్టేజీకి మీ గుత్తి కొండే ఉంది.

లేపాక్షి శిల్పాలకు కాపీరైట్ లేదు, ఎప్పుడో గడిచిపోయింది. కానీ నెట్‌లో దొరికిన లేపాక్షి ఫోటో తీసినవాళ్లది, వాళ్ల జీవితకాలం మీద 60 ఏళ్లు. పోయి మీరే తీసుకోండి.

ఇంకో మాట. తోలుబొమ్మకు మెడ, భుజం, మోచేయి, నడుము దగ్గర కీళ్లు ముందే ఉంటాయి. గోడోలో బొమ్మను కీళ్ల దగ్గర కదిలించే స్కెలిటన్2డీకి అచ్చం సరిపోతుంది, ఎనిమిది దిక్కులకు వేరువేరు బొమ్మలు గీసే పనే తప్పుతుంది. ఆ కళ తరతరాలది, ఎవరికీ గుత్తహక్కు లేదు. కానీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఒక కళాకారుడు ఈరోజు చేసిన ఒక బొమ్మ ఆయనది. అడక్కుండా ఫోటో తీసుకుని వాడితే కొనామీ బొమ్మలు తీసుకున్నట్టే అవుతుంది. డబ్బులిచ్చి కొన్నంత మాత్రాన హక్కు రాదు, తోలు మాత్రమే మీదవుతుంది. కాగితం రాయించుకోండి. 19వ సెక్షన్ ప్రకారం ఏ బొమ్మలు, ఏ వాడకం, ఎంత కాలం, ఏ దేశాలు, ఎంత డబ్బు అనేవి దాంట్లో ఉండాల. కాలం రాయకపోతే ఐదేళ్లే అని లెక్క, దేశాలు రాయకపోతే ఇండియా వరకే. నెట్‌లో పెట్టే గేముకు ఇండియా వరకే అంటే పనికిరాదు కాబట్టి ‘ప్రపంచమంతా’ అని తప్పక రాయండి. ఆయనకు అర్థమయ్యే తెలుగులో రాయండి, ఆటలో ఆయన పేరు వేయండి.

---

గుత్తికోట_8బిట్, అనంతపురం

అక్కా, ఇదే చేస్తాం. మా ముగ్గురి మధ్య కూడా కాగితం కావాలా?

---

పెన్నా_పిక్సెల్, కడప

కావాల. జీతం, ఒప్పందం ఏమీ లేనప్పుడు గీసినవాడి బొమ్మ గీసినవాడిదే, వాయించినవాడి పాట వాయించినవాడిదే. ఒకరు ఉద్యోగానికి బెంగళూరు పోయి ‘నా సంగీతం తీసేయండి’ అంటే మిగతా ఇద్దరి చేతులు కట్టేసినట్టే. మీలో మీరే ఒకరికొకరు లైసెన్సు ఇచ్చుకుంటూ ఒక పేజీ రాసి ముగ్గురూ సంతకం పెట్టండి. రెపోలో లైసెన్సు ఫైళ్లు రెండు పెట్టండి, కోడ్‌కు ఎంఐటీ లేదా జీపీఎల్ (రెండూ ఓపెన్ సోర్స్ లైసెన్సులు), బొమ్మలకూ సంగీతానికీ సీసీ బై-ఎస్ఏ (పేరు వేసి, మార్చినది అదే లైసెన్సుతో పంచాలనేది). ఒక్క కోడ్ లైసెన్సే పెడితే బొమ్మలు దాని కిందికి వస్తాయా రావా అని తర్వాత వచ్చేవాళ్లు తల పట్టుకుంటారు. అసలే పెట్టకపోతే రెపో అందరికీ కనపడుతున్నా ముట్టుకునే హక్కు ఎవరికీ ఉండదు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా పాత యాపిల్ కోడ్ 2012 నుంచి గిట్‌హబ్‌లో ఉంది. రాసినాయన చదువుకోండి, మార్చి చూసుకోండి అన్నాడే గానీ, ఆ ఆటమీద ఏ హక్కూ ఇవ్వడం లేదని పక్కనే రాసి పెట్టినాడు.

ట్రైలర్ వీడియో కూడా చూసుకోండి. గేమ్ అంతా శుభ్రం చేసి, పాత స్ప్రైట్లతో తీసిన వీడియో ఛానల్లో అట్లనే వదిలేస్తే మొదటి నోటీసు దానికే వస్తుంది.